సైకిల్ ట్యూబుతో కట్టిన లివరు

నేను ఒక ఇనుప కడ్డీని. ట్రాక్టరుకూ మక్కల మిషనుకూ మధ్య తిరుగుతాను. నన్ను పీటీవో షాఫ్టు అంటారు. ఇంజను బలం నాలోంచి మిషనులోకి పోయి మొక్కజొన్న కంకుల నుంచి గింజలు రాలుస్తుంది. నిమిషానికి ఐదు వందల నలభై సార్లు తిరుగుతాను. ఎప్పుడు ఆగాలో నేను నిర్ణయించలేను. అది సీటు పక్కనున్న లివరు పని.

కార్ఖానాలో నాకు ప్లాస్టిక్ తొడుగు వేసి పంపారు. మొదటి యజమాని గ్రీజు పెట్టడానికి దాన్ని తీసి, మళ్లీ వేయలేదు. రెండో యజమాని దగ్గర నా పిన్ను ఊడిపోయింది. అతను దాని స్థానంలో బోల్టు బిగించాడు. అది రెండు వేళ్ల మేర బయటికి పొడుచుకొచ్చింది. కోయించాలని నాలుగేళ్లు అనుకున్నాడు. మనుషులు యంత్రాన్ని అమ్మేటప్పుడు రంగు వేస్తారు, బోల్టు కోయరు. అలా జగిత్యాల దగ్గరి భూమేశ్ చేతికి వచ్చాను.

ఈ ఏడాది మక్కలు పట్టే రోజుల్లో లివరు నిలవడం మానేసింది. మిషనులో కంకులు నిండి బరువు పడగానే అది దానంతటదే వెనక్కి జారేది. నేను ఆగేవాణ్ణి. మిషను నోరు కంకులతో పూడుకుపోయేది. భూమేశ్ మెకానిక్ యాకూబ్‌ను పిలిచాడు. యాకూబ్ ఆయిల్ చూశాడు, క్లచ్ తొక్కి చూశాడు, లివరును ముందుకూ వెనక్కూ ఆడించాడు.

"లోపల లివరును ఆపే గోలీ అరిగింది, స్ప్రింగు పోయింది. ఇప్పాలె. ఒక్క దినం పని."

"మొగులు వట్టింది భాయ్. గిప్పుడు ఇప్పుకుంట కూసుంటె మక్కలు తడుస్తయ్. ఈ కుప్ప కానియ్యి."

యాకూబ్ వెళ్లాక భూమేశ్ సైకిల్ ట్యూబు తెచ్చి, లివరును సీటు కింది కమ్మీకి మూడు చుట్లు చుట్టి ముడి వేశాడు. ఇక లివరు జారలేదు. నాకు భయం మొదలైంది.

ఆ రోజు కుప్ప పోశాక గాలి మారింది. పొట్టు మనుషుల మీద పడకుండా ట్రాక్టరునూ మిషనునూ అటు తిప్పి పెట్టారు. కుప్ప నాకు ఇవతల, మిషను నోరు అవతల అయ్యాయి. ట్రాక్టరు చుట్టూ తిరిగి వస్తే నలభై అడుగులు. నన్ను దాటితే ఒక్క అడుగు. కూలికి వచ్చిన దేవవ్వ, గంగవ్వ కంకుల గంపలతో నన్ను దాటసాగారు. పొట్టు గుచ్చుకోకుండా ఇద్దరూ చీర మీద మగవాళ్ల అంగీలు తొడుక్కున్నారు.

"మగని అంగి తొడుక్కున్నవ్, మగనోలె ఉరుకుతున్నవేందే?" అంది గంగవ్వ.

"మా ఆయన ఉరికిండా ఎన్నడన్న? అంగి ఒక్కటే ఉరుకుతది," అంది దేవవ్వ.

ఆమె కాలు నా మీదుగా లేచిన ప్రతిసారీ బోల్టు ఎటు ఉందో చూసుకునేవాణ్ణి. సెకనుకు తొమ్మిదిసార్లు అది పైకి వస్తుంది. చూసుకోవడం తప్ప నేను చేయగలిగింది లేదు.

ముప్పయ్యో గంపో, ముప్పయ్యొకటో. దేవవ్వ అంగీ అంచు బోల్టుకు తగిలింది.

"ఆపుండ్రి! ఓ భూమేశా, ఆపు!" గంగవ్వ అరిచింది.

మిషను దగ్గరున్న భూమేశ్ ట్రాక్టరు మీదికి దూకాడు. లివరు గుంజాడు. ట్యూబు సాగింది, లివరు కదల్లేదు. ఇంజను ఆపే గుండీ జానెడు దూరంలో ఉంది. అతని వేళ్లు మాత్రం తాను వేసిన ముడి మీదే ఉన్నాయి. నేను తిరుగుతూనే ఉన్నాను. అంగీ నాకు చుట్టుకుంటోంది, దేవవ్వ చేయి దానితోపాటు నా వైపు వస్తోంది. అంగీ పాతది. భుజం కుట్టు దగ్గర చిరిగింది. దేవవ్వ వెనక్కి పడింది. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. ఎముక విరగలేదు. అప్పుడు గుర్తొచ్చి భూమేశ్ గుండీ లాగాడు.

మర్నాడు యాకూబ్ లివరు విప్పి గోలీ, స్ప్రింగు మార్చాడు. బోల్టు తీసి పిన్ను వేశాడు. తొడుగు దొరకలేదు, పట్నం నుంచి తెప్పించాలన్నాడు.

నాలుగో రోజు దేవవ్వ కట్టుతో వచ్చి నా ముందు నిలబడింది.

"ఆపి చూపియ్యి."

ట్రాక్టరు మీదున్న యాకూబ్ లివరు వెనక్కి లాగాడు. రెండు చుట్లు తిరిగి ఆగాను.

"ఇంకోపాలి."

ఆగాను. మూడోసారీ ఆగాను, మళ్లీ తిరిగాను. ఆమె గంప వైపు చూసింది కానీ ఎత్తలేదు. గంగవ్వ కూడా కదల్లేదు.

"ఇంకేం భయమే అవ్వా, మంచిగైంది గదా," అన్నాడు భూమేశ్.

"మంచిగైతె నువ్వే ఎత్తు," అంది దేవవ్వ.

భూమేశ్ నవ్వి గంప నెత్తికెత్తుకున్నాడు. ఇన్నేళ్లూ నన్ను సీటు మీద నుంచి వెనక్కి తిరిగి చూసినవాడే. కంకుల బరువుతో నా దగ్గరికి నడిచి రావడం అదే మొదలు. అతని లుంగీ గాలికి నా వైపు ఎగిరింది. పాదాలు ఆగాయి. ఒక చేత్తో లుంగీ గుంజి పట్టుకున్నాడు.

"భాయ్," అన్నాడు. యాకూబ్ వైపు చూశాడు. "భాయ్, ఓపాలి ఆపు."