కొనేముందు కాచే పాలు

శనివారం పొద్దున ఇడ్లీపిండి రుబ్బుకోవడం, పది కొట్టగానే లాప్‌టాప్ ముందు కూర్చుని వెంకటరామారావు గారి క్లాసు వినడం. కరోనా వచ్చిన మొదటి చలికాలంలో శ్రీచరణ్ వారాంతం ఇంతే. కొలోన్‌లో బయటికెళ్దామన్నా తెరిచి ఉన్నవి సరుకుల కొట్లూ మందుల షాపులే. వెంకటరామారావు గారికి జర్మనీలో చాలా ఫ్లాట్లున్నాయి. మొదటి ఫ్లాటు ఎలా కొనాలో కొత్తవాళ్లకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతారు.

శ్రీచరణ్‌ది ఆశ కాదు, భయం. ఆఫీసులో సగం పని, తగ్గిన జీతం. ఉద్యోగం ఊడితే ఈ దేశంలో ఉండనిచ్చే బ్లూ కార్డుకీ ఎసరే. భార్య ప్రవీణ కడుపుతో ఉంది. నెలనెలా అద్దె తెచ్చే ఫ్లాటు ఒకటుంటే గండం గడుస్తుందని అతని ఆరాటం.

నిప్పెస్ పేటలో ఒకటి దొరికింది. మూడో అంతస్తు, ధర తక్కువ. లోపల ఒక ముసలావిడ ఎన్నో ఏళ్లుగా పాత అద్దెకే ఉంటోంది, అందుకు తక్కువ.

"కళ్లకద్దుకుని కొనవయ్యా," అన్నారు వెంకటరామారావు గారు. "నేనే ఉంటానని ఆవిడకి నోటీసివ్వు. ఖాళీ చేశాక కొత్త అద్దెకి ఇచ్చుకో."

"అది అబద్ధం కదా సార్?"

"మొహమాటానికి పోతే మొదటి ఫ్లాటే కొనలేవు."

ఆ మాట శ్రీచరణ్‌కి మింగుడు పడలేదు. అలాగని వదులుకోవడానికి మనసూ రాలేదు. ప్రవీణ అంతా విని, "రిజిస్ట్రేషన్‌కి నోటార్ దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు. ముందు మంగతాయారు ఆంటీని తీసుకెళ్లు," అంది.

కొలోన్ తెలుగువాళ్లలో అది మామూలే. అందరూ ఇల్లు కొన్నాక పాలు పొంగిస్తారు, వీళ్లు కొనేముందు పొంగిస్తారు. మంగతాయారు పొయ్యి మీద పెట్టిన పాలు, ఆ ఇల్లు ఎవరిదో వాళ్లు దగ్గరుంటేనే పొంగుతాయి. లేకపోతే మంట ఎంత పెంచినా చన్నీళ్లలా ఉండిపోతాయి. ఎక్సెల్ షీటుని తప్ప దేవుణ్ణి కూడా నమ్మని కుర్రాళ్లు సైతం బ్యాంకు సరేననగానే ఆవిడ టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసేవారు. ఆవిడ డబ్బు తీసుకునేది కాదు, పాల పాకెట్ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

శ్రీచరణ్, మంగతాయారు మాస్కులు పెట్టుకుని ఆ ఫ్లాటుకి వెళ్లారు. ముసలావిడ పేరు ఫ్రౌ కెస్లర్. చలిలోనూ కిటికీలన్నీ బార్లా తెరిచి, తనూ మాస్కుతో దూరంగా నిలబడింది. పాలు కాచాలని శ్రీచరణ్ జర్మన్‌లో చెబితే, "గిన్నె కింది అరలో ఉంది," అంది, మీటరు చూడడానికి వచ్చినవాళ్లతో మాట్లాడినట్టు.

మంగతాయారు పాలు పోసి, పొయ్యి పూర్తిగా పెంచి, శ్రీచరణ్‌ని పక్కన నిలబెట్టింది. కాయిల్ ఎర్రబడింది. పాలల్లో చలనం లేదు. శ్రీచరణ్ వేలు పెట్టి చూశాడు. చల్లగా ఉన్నాయి.

అతను వేలు తుడుచుకున్నాడు. "ఇంకాసేపు చూద్దాం ఆంటీ."

"చూడు నాన్నా, నాదేం పోయింది."

అతని అవస్థ చూసి ఫ్రౌ కెస్లర్‌కి జాలేసింది కాబోలు, "ఆ మీట కాస్త మొండిది," అంటూ దగ్గరికొచ్చింది. ఆవిడ చెయ్యి ఇంకా మీటని తాకనేలేదు, పాలు బుసబుసమని లేచి, గిన్నె అంచు దాటి తూర్పు వైపుకి పొంగాయి. ఆవిడ చప్పున గుడ్డ తీసి తుడిచేసింది.

"ఇల్లు ఈవిడదే," అంది మంగతాయారు. "నువ్వు కొన్నా ఈవిడదే."

"అయితే వదిలేయమంటారా?"

"నువ్వు వదిలేస్తే ఇంకొకడు కొంటాడు. వాడు పాలు కాయడు."

శ్రీచరణ్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. భయం పోగొట్టుకోవడానికి వచ్చినవాడికి ఇంకో భయం తగులుకుంది. పాత అద్దెతో బ్యాంకు వాయిదా బొటాబొటిగా గడుస్తుంది, చేతికేమీ మిగలదు. కానీ పుట్టబోయే బిడ్డకి గూడు కట్టడానికి ఇంకొకరి గూడు పీకడం తన వల్ల కాదని ఆ వంటింట్లో నిలబడి ఉండగానే తెలిసిపోయింది. తెలిశాక ఒళ్లు తేలికపడింది.

"ఫ్రౌ కెస్లర్," అన్నాడు. "ఈ ఫ్లాటు నేను కొంటాను. మిమ్మల్ని ఎప్పటికీ ఖాళీ చేయించనని నోటార్ దగ్గర ఒప్పందంలోనే రాయిస్తాను. మీరు ఉండండి."

ఆవిడకి అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పాడు. ఆవిడ తల ఊపింది. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. వెళ్లి పడకగది తలుపు తీసింది.

గదినిండా అట్టపెట్టెలు. పుస్తకాలు, పింగాణీ సామాను, దుప్పట్లు, అన్నీ కట్టేసి ఉన్నాయి. గోడల మీద బొమ్మలు తీసేసిన చోట తెల్లటి మచ్చలు. ఇల్లు అమ్మకానికి పెట్టారని తెలిసిన రోజునుంచీ సర్దుకుంటున్నానంది.

"ఎక్కడికి వెళ్దామనుకున్నారు?" అనడిగాడు శ్రీచరణ్.

"తెలియదు," అంది ఆవిడ.

ఒక పెట్టె విప్పి, కాగితంలో చుట్టిన గోడగడియారం పైకి తీసింది. మేకు చాలా ఎత్తులో ఉంది. ఆవిడ దాన్ని అతని చేతికిచ్చి, కుర్చీ లాగి, అతను పడకుండా రెండు చేతులా గట్టిగా పట్టుకుని నిలబడింది.