డోరిన్ చూస్తున్న సీరియల్

గలాట్స్‌లో అద్దెకి దిగిన ఫ్లాట్‌లో ఇంటివాళ్ళు వదిలేసిన టీవీ ఒకటి ఉంది. దానికి కేబుల్ పెట్టించుకోవాలంటే గుర్తింపు కార్డు చూపించి సంతకం పెట్టాలి. తన పేరు ఈ ఊళ్ళో ఎంత తక్కువ చోట్ల ఉంటే అంత మంచిదని స్మరాండా అనుకుంది. కింద గుమ్మం దగ్గర కాలింగ్ బెల్ పక్కన కూడా ఫ్లాట్ నంబరు ఉంచిందే గాని పేరు అతికించలేదు. అందుకే కేబుల్ ఊసు మానేసి, నెట్ ద్వారా టీవీ చూపించే పరికరం ఏదైనా కొందామని కూతుర్ని తీసుకుని షాపుకి వెళ్ళింది.

షాపులో రెండు రకాలున్నాయి. ఒకటి టేబుల్ మీద పెట్టుకునే చిన్న డబ్బా, రిమోట్‌లో మైకు ఉంటుంది, నోటితో చెబితే సినిమా వెతికి పెడుతుంది. రెండోది వేలెడంత స్టిక్, టీవీ వెనకాల గుచ్చేస్తే సరిపోతుంది. ఎనిమిదేళ్ళ ఇలింకా డబ్బా కావాలని పేచీ పెట్టింది. అమ్మకాలు చూసే ఆవిడ కూడా అదే మంచిదంది. మాటలు వినే వస్తువు ఇంట్లో ఉండకూడదని స్మరాండా పట్టుబట్టి, మైకు లేని స్టిక్ తీసుకుంది. అన్నీ ఆలోచించుకునే కొన్నానన్న తృప్తితో ఇల్లు చేరింది.

తప్పు ఆ తర్వాత జరిగింది. ఇలింకాకి ఒక నక్కల కుటుంబం కార్టూన్ అంటే ప్రాణం. పాత ఊరు క్రయోవాలో ఉండగా సగం దాకా చూసింది. భర్త డోరిన్ పనికి వెళ్ళిన ఒక పొద్దుట తల్లీకూతుళ్ళు రెండు సంచులతో ఇల్లు వదిలి వచ్చేసినప్పుడు ఆ కార్టూన్ అక్కడే ఆగిపోయింది. కొత్త ఖాతా తెరిస్తే మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. పిల్ల మొహం చూసి స్మరాండా ముగ్గురూ కలిసి వాడిన పాత ఖాతా పాస్‌వర్డ్ కొట్టింది. పనిచేసింది. డోరిన్ దాన్ని మార్చలేదు. అతని బద్ధకం అనుకుంది ఆమె.

తెర మీద మూడు బొమ్మలు, మూడు పేర్లు వచ్చాయి: డోరిన్, స్మరాండా, ఇలింకా. ఇలింకా తన బొమ్మ మీద నొక్కింది. నక్కలు ఆగిన చోటి నుంచే పరుగెత్తాయి.

పిల్ల పడుకున్నాక స్మరాండా డోరిన్ బొమ్మ తెరిచి చూసింది. అతను ఒక పోలీసు సీరియల్ చూస్తున్నాడు. ఎంతవరకు చూశాడో కింద ఎర్ర గీత చెబుతోంది. మర్నాడు కళ్ళజోళ్ళ షాపులో పని ముగించుకుని వచ్చి చూస్తే ఆ గీత ముందుకి జరిగింది. అంటే నిన్న రాత్రి అతను క్రయోవాలో తన సోఫాలోనే ఉన్నాడు. తన భుజాలు ఎన్నాళ్ళ నుంచి బిగుసుకుని ఉన్నాయో అప్పుడే ఆమెకి తెలిసింది.

అప్పట్నుంచి అది అలవాటైపోయింది. వంట కంటే ముందు టీవీ పెట్టి గీత చూసుకునేది. రోజుకో ఎపిసోడ్, తప్పకుండా చూసేవాడు. గీత జరిగితే ఆ రాత్రి నిద్ర పట్టేది.

ఎదురు ఫ్లాట్ జంఫిరాకి ఈ సంగతి తెలిసిన రోజు పెద్ద రభసే అయింది. జంఫిరా ఓడల కార్ఖానాలో ముప్పై ఏళ్ళు క్రేను నడిపింది. గాలిలో అరిచి అరిచి ఆమె మెల్లగా మాట్లాడటం మర్చిపోయింది. బ్లాకులో చిన్నా పెద్దా ఆమెని ‘తాంతి’ అంటారు, అంటే అత్త అని. సూపు గిన్నెతో వచ్చి, సోఫాలో కూర్చుని, స్మరాండా చెప్పిందంతా విని, గిన్నె ఠప్పున బల్ల మీద పెట్టింది.

“నీకు మతి ఉందా అమ్మాయ్? నీకు వాడు కనబడితే వాడికి నువ్వు కనబడవా?”

“కార్టూన్లు చూస్తున్నామని తెలుస్తుంది, అంతేగా తాంతి. ఎక్కడున్నామో ఎలా తెలుస్తుంది?”

“నాకేం తెలుసు, నాకు రిమోట్ పట్టుకోవడమే రాదు. కిటికీకి ఒక్కవైపే అద్దం ఉంటుందా అని అడుగుతున్నా.”

ఆ రాత్రికి స్టిక్ పీకేస్తానని స్మరాండా మాటిచ్చింది. పీకలేదు. పీకేస్తే గీత కనబడదు. గీత కనబడకపోతే డోరిన్ ఎక్కడైనా ఉండొచ్చు, మెట్ల మీద కూడా.

తర్వాతి వారం ఒక సాయంత్రం ఇలింకా వంటింట్లోకి వచ్చి, నక్కల కార్టూన్ ఎవరో చివరిదాకా చూసేశారని చెప్పింది. స్మరాండా వెళ్ళి చూసింది. నిజమే, పిల్ల ఇంకా చూడని ఎపిసోడ్లన్నిటి కింద ఎర్ర గీత పూర్తిగా నిండి ఉంది. నలభై దాటిన మగాడు కూర్చుని నక్కపిల్లల కథ ఒక్కోటీ చివరిదాకా చూశాడు. ఏదో మీట తప్పు నొక్కామని ఆమె కూతురికి సర్దిచెప్పింది.

రెండు రోజులకి ఇలింకా బొమ్మ కింద పేరు మారింది. ‘నాన్న కూతురు’ అని ఉంది. పిల్ల అది బిగ్గరగా చదివి తల్లివైపు తిరిగింది. స్మరాండా టీవీ ఆపేసింది. ఫోన్‌లో ఆ ఖాతా వివరాలు తెరిచింది. ఎన్నడూ చూడని పేజీ అది. ఖాతా ఏయే టీవీల్లో నడుస్తోందో అక్కడ రాసి ఉంది. ఒకటి క్రయోవా. రెండోది గలాట్స్. రెండోదాని పక్కన వాళ్ళు స్టిక్ గుచ్చిన నాటి తేదీ ఉంది. పాస్‌వర్డ్ మార్చకపోవడం బద్ధకం కాదు. అతను తలుపు తీసిపెట్టి, వాళ్ళు లోపలికి రావడం కోసం కాచుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున టీవీ పెడితే స్మరాండా పేరు కూడా పోయింది. ఆ బొమ్మ కింద ‘శుక్రవారం’ అని ఉంది.

తెరని ఫొటో తీసుకుని ఆమె పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తింది. డోరిన్ వాళ్ళ దగ్గరికి రాకూడదని కోర్టు ఇచ్చిన ఉత్తర్వు కూడా చూపించింది. డ్యూటీలో ఉన్నతను ఫొటోని అటూ ఇటూ తిప్పి చూశాడు. శుక్రవారం అంటే వారం పేరేగా, ఇందులో బెదిరింపు ఏముందన్నాడు. అయినా శుక్రవారం ఒక కారు అటువైపు తిప్పుతామన్నాడు. అదే ఉత్తర్వు నకలు ఇలింకా స్కూల్లో ఎప్పుడో ఇచ్చి ఉంచింది కాబట్టి, అటునుంచే స్కూలుకి వెళ్ళి టీచరుకి శుక్రవారం సంగతి చెప్పి వచ్చింది.

శుక్రవారం దాకా ఎలా గడపాలో అప్పుడే అనుకుంది. గురువారం పిల్లని స్కూలుకి పంపి, శుక్రవారం మాన్పించి, జంఫిరా చెల్లెలి ఊరికి వెళ్ళిపోదామని స్మరాండా, జంఫిరా అనుకున్నారు. సంచులు సర్దుకున్నారు.

గురువారం ఇలింకాని స్కూల్లో దింపి వచ్చాక, ఇక స్టిక్ పీకేద్దామని స్మరాండా టీవీ ముందు నిలబడింది. పీకే ముందు అలవాటుకొద్దీ డోరిన్ బొమ్మ నొక్కింది.

గీత జరగలేదు. మొన్న రాత్రి ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. ఒక్క రాత్రి కూడా మానని మనిషి నిన్న రాత్రి సీరియల్ చూడలేదు.

 అది అర్థం కాగానే ఇంటి చెప్పులతోనే పరుగెత్తి జంఫిరా తలుపు బాదింది.

“తాంతి, వాడు ఇంట్లో లేడు. శుక్రవారం అని నన్ను మోసం చేశాడు. బయల్దేరిపోయాడు.”

 జంఫిరా గౌను మీదే కోటు తొడుక్కుని మెట్లు దిగింది. ట్రామ్ కోసం ఆగకుండా ఇద్దరూ గాలికి ఎదురు నడిచారు. జంఫిరా దారిపొడుగునా ఫోన్‌లో పోలీసుల్ని తిడుతూనే ఉంది. కారు ఇప్పుడు పంపుతారా, నన్నే వచ్చి తీసుకెళ్ళమంటారా అని అడిగింది.

స్కూలు గుమ్మంలో ఇలింకా టీచరు వాళ్ళకే ఫోన్ చేయబోతోంది. పావుగంట కిందట ఒకాయన వచ్చాడట. చాలా మర్యాదగా మాట్లాడాడట. పిల్ల తండ్రినని, పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని చెప్పాడట. ఉత్తర్వు గుర్తుండి టీచరు ఇవ్వనంది. ఆయన నవ్వి, పర్లేదు, ఇంటి దగ్గరే కలుస్తానని వెళ్ళిపోయాడట. ఇలింకా తరగతిలో బొమ్మలు వేసుకుంటోంది. ఆమెకేమీ తెలియదు. తల్లి ఎందుకంత గట్టిగా పట్టుకుందో అని చూసింది.

పోలీసులకి అతను బ్లాకు వెనకాల, చెత్తడబ్బాల పక్కన కారులో దొరికాడు. అక్కడి నుంచి స్మరాండా వంటింటి కిటికీ కనబడుతుంది. ఊరు తెలిశాక స్కూళ్ళకి ఒక్కోదానికీ ఫోన్ చేసి, గుమాస్తా ఎవరి దగ్గరో పిల్ల చిరునామా రాబట్టాడట. గొడవ చేయలేదు. కాఫీ తాగుతున్నాడట. వెనక సీట్లో పిల్లల కుర్చీ బిగించి ఉంది. పక్కన సూట్‌కేసులో పిల్ల బట్టలు ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉన్నాయి. ఆరేళ్ళప్పుడు ఇలింకా వేసుకున్నవి, ఇప్పుడు ఒక్కటీ పట్టవు. స్మరాండా బట్టలు ఒక్కటి కూడా లేవు.

ఆ సంగతి పోలీసతను చెప్పాడు. జంఫిరా స్మరాండా చెయ్యి పట్టుకుంది. ఆ రోజు మొదటిసారి ఆవిడ మెల్లగా మాట్లాడింది.

“రాత్రికి మీరిద్దరూ మా ఇంట్లో పడుకోండి. పక్క వేస్తాను.”

కోర్టు అతన్ని కొన్నాళ్ళు జైల్లో ఉంచి, ఎక్కడున్నాడో చెప్పే పట్టీ కాలికి వేసి వదిలింది. అతను దగ్గరికి వస్తే కూతపెట్టే యంత్రం ఒకటి స్మరాండాకి ఇచ్చారు. చూడటానికి ఫోన్‌లా ఉంటుంది. చెత్త పడేయడానికి కిందికి వెళ్ళినా దాన్ని జేబులో వేసుకుని వెళుతుంది. పాత ఖాతా తీసేసింది. ఇలింకా సాయంత్రాలు జంఫిరా దగ్గర పేకాట నేర్చుకుంటోంది, అప్పుడే దొంగాట కూడా ఆడుతోందట.

యంత్రం ఇంతవరకు కూయలేదు. కూయని రోజుల్లోనే స్మరాండా దాన్ని ఎక్కువసార్లు బయటికి తీసి, బ్యాటరీ ఉందో లేదో చూసుకుంటోంది.