నొప్పి ఉంటే చెప్పాలి

"ఆ బకెట్టు ఇంకా ఇక్కడే ఉందేంటి?" అని అత్తగారు అనగానే ఆమె తడిబట్టల బకెట్టు ఎత్తబోయింది. వంగింది గానీ లేవలేకపోయింది. నడుం దగ్గర ఏదో పట్టేసి, కుడి తుంటి మీదుగా పిక్క దాకా కరెంటు తీగ లాగినట్టయింది. స్నానాలగది గోడ పట్టుకుని అలాగే సగం వంగి ఉండిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ నోట్లోంచి చప్పుడు రాలేదు. ఆ క్షణంలో ఆమెకి తట్టిన మొదటి సంగతి నొప్పి కూడా కాదు, షోరూంకి ఆలస్యమైపోతోందని.

ఆమె పరదా గుడ్డలు అమ్మే షోరూంలో పనిచేస్తుంది. పొద్దున షట్టరు లేపింది మొదలు రాత్రి దించేదాకా నిలబడే ఉండాలి. బేరాలు లేనప్పుడు కూడా కూర్చోకూడదు. కూర్చుంటే కొట్టు ఈగలు తోలుకుంటున్నట్టు కనిపిస్తుందని యజమాని భయం. ఎవరైనా "ఆ పైదుందే, అది చూపించు" అంటే నిచ్చెనెక్కి ఆ గుడ్డ తాను దించి, బల్ల మీద పరిచి, వాళ్లు పెదవి విరిస్తే మళ్లీ చుట్టి పైకెక్కించాలి. ఇంటికొస్తే ఇంకో నిలువుకాళ్ల కొలువు. నడుం లాగుతోందని మొదటిసారి అన్నప్పుడు భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండానే "కాస్త ఒళ్లు తగ్గించు, అదే పోతుంది" అన్నాడు. రెండోసారి "అందరికీ ఉండేదే" అన్నాడు. మూడోసారి ఆమె అనలేదు. అత్తగారైతే "మా రోజుల్లో నడుమనేది ఒకటుందని కూడా మాకు తెలీదమ్మా" అని తేల్చేసింది. సరే, ఇంతమందికి లేని నడుం నాకొక్కదానికే ఎందుకుండాలి అనుకుని ఆమె నెట్టుకొచ్చింది. ఈమధ్య రోడ్డు మీద నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోయేది. జారినట్టు తెలిసేది కాదు. వెనకనుంచి ఎవరో "ఏవండీ, మీ చెప్పు" అని పిలిస్తే, తప్పు చేసినదానిలా వెనక్కి వెళ్లి తొడుక్కునేది.

ఇప్పుడు మాత్రం మనిషి నిటారుగా నిలబడటమే గగనమైంది. భర్త ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

వెన్నెముక డాక్టరు ఒక పెద్దావిడ, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఆ డాక్టరు ఆమె కుడికాలి బొటనవేలి మీద వేలు పెట్టి "పైకెత్తండి" అంది. వేలు కదల్లేదు. తన వేలే తన మాట వినకపోవడం చూసి ఆమెకి మొదటిసారి భయమేసింది. డాక్టరు స్కానింగు బొమ్మ చూపిస్తూ, రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్కు చిట్లి బయటికి పొడుచుకొచ్చి నరాన్ని నొక్కుతోందని చెప్పింది. ఇంకా ఆలస్యం చేస్తే ఆ పాదం ఇక లేవకపోవచ్చునంది.

"ఎన్నాళ్లనుంచి ఇలా?"

"ఏడాది దాటిందండీ."

"మరి ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?"

ఆ ప్రశ్నని భర్త అందుకున్నాడు. "తను చెప్పందే మాకెలా తెలుస్తుందండీ?"

ఆమె తల దించుకుంది. చెప్పింది రెండుసార్లే మరి. మూడోసారి చెప్పకపోవడం తన తప్పేనేమో.

పెద్ద కోత అక్కర్లేదు, పెన్సిలంత లావు గొట్టం లోపలికి పంపి, కెమెరాలో చూస్తూ ఆ చిట్లిన ముక్క తీసేస్తామంది డాక్టరు. ఆ మాటతో భర్త ముఖం విప్పారింది. "చిన్న రంధ్రమేనట, సాయంత్రానికి నడుస్తుందట" అని ఫోన్లో చుట్టాలందరికీ చెప్పాడు. రంధ్రం చిన్నదయ్యేసరికి ఇంట్లో ఆమె జబ్బు కూడా చిన్నదైపోయింది. షోరూం యజమాని "అయితే సోమవారం వచ్చేస్తావుగా?" అన్నాడు.

ఆపరేషను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి నడుం దగ్గర ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా మత్తుసూది ఇచ్చారు. పూర్తిగా నిద్రపుచ్చలేదు. "మీరు మెలకువగా ఉండాలి. నేను నరానికి మరీ దగ్గరగా వెళితే ముందు తెలిసేది మీకే. కాల్లోకి నొప్పి దిగితే వెంటనే చెప్పాలి" అంది డాక్టరు. ఆమె సరేనంది. కాసేపటికి తొడలోంచి నిప్పుకణిక జారినట్టయింది. ఆమె పెదవి కొరుక్కుని, దిండు అంచు పిడికిట్లో బిగించింది. ఆ పిడికిలి నర్సు కంటబడింది.

"ఏమైంది?"

"ఏం లేదండీ. ఓర్చుకుంటాను."

డాక్టరు చెయ్యి ఆగిపోయింది. "అమ్మా, మీరు ఓర్చుకుంటే నరం తెగుతుంది. మీ ఓర్పు ఇక్కడ నాకేమీ పనికిరాదు. నొప్పి ఉందా, లేదా?"

"నొప్పే."

"గట్టిగా."

"నొప్పి!"

ఆ గదిలో అన్నీ ఆగిపోయాయి. గొట్టం ఆగింది, చేతులు ఆగాయి, నర్సు మాట ఆపింది. తను ఒక్క మాటంటే ఇంతమంది పని ఆపి ఎదురుచూడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. కాన్పు గదిలో "అరవకు, సిగ్గులేదా" అన్నారు. పెళ్లయిన కొత్తలో ఆమె "నొప్పిగా ఉంది" అంటే భర్త "ఇంకెంత, అయిపోయింది" అన్నాడు. వేడి గిన్నెకి చెయ్యి కాలినప్పుడు అత్తగారు "చూసుకోవద్దూ" అని గిన్నె గురించే కంగారుపడింది. నొప్పి అంటే దిగమింగాల్సిందని, దిగమింగడానికే మంచితనం అని పేరని ఆమె నమ్మింది. ఇక్కడేమో దిగమింగితే కాలే పోతుందట! డాక్టరు గొట్టం కాస్త పక్కకి జరిపి "ఇప్పుడు?" అని అడిగింది. "తగ్గింది." "ఇప్పుడు?" "వస్తోంది, ఆగండి." ఆగండి! ఆ మాట తన గొంతులోంచే వచ్చిందంటే ఆమెకే నమ్మకం కుదరలేదు. కాసేపటికి ముక్క బయటికొచ్చింది. కాల్లోంచి ఏదో ముడి విప్పినట్టు అంత తేలికయ్యేసరికి, బోర్లా పడుకునే వెక్కివెక్కి ఏడ్చింది. "నొప్పా?" అని కంగారుగా అడిగింది నర్సు. "కాదండీ" అంది ఆమె.

సాయంత్రం డాక్టరు మొగుడూపెళ్లాలిద్దరికీ చెప్పింది. ఈ రోజునుంచే నడవాలి, కానీ ఆరు వారాలు వంగకూడదు, బరువెత్తకూడదు, ఎక్కువసేపు నిలబడకూడదు. భర్తకి మొదటి ముక్క ఒక్కటే వినబడింది.

ఆదివారం పొద్దున అతను గదిలోకొచ్చాడు. "అక్కావాళ్లు భోజనానికొస్తున్నారు. నడవమన్నారుగా, లేచి కాస్త వంట సంగతి చూడు. అమ్మ ఒక్కతే ఏం చేస్తుంది?"

"నడవమన్నారు. వంగొద్దు, నిలబడొద్దు అని కూడా అన్నారు. మీరు పక్కనే ఉన్నారు."

"అంత చిన్న రంధ్రానికి ఇంత రాద్ధాంతమా?"

"నాకు నొప్పిగా ఉంది. నేను లేవను."

అతను ఇంకో మాట కోసం చూశాడు. ఎప్పుడూ ఆ మాట వెనకే 'అయినా పర్లేదులెండి' అని ఒకటి వచ్చేది. ఇవాళ అది రాలేదు.

"మరి వంటో?"

"మీరు చెయ్యండి. తెలీనిది అడిగితే ఇక్కణ్నుంచే చెబుతాను. షోరూంకి ఫోన్ చేసి చెప్పాను, ఆరు వారాలయ్యాకే వస్తానని, కౌంటరు దగ్గర స్టూలు వేస్తేనే వస్తానని."

అతను గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. అప్పుడు చూసిందామె, గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది. ఇక మొదలవుతుందని ఆమె అనుకుంది. ఆవిడ లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. మంచం పక్కన నిలబడి దుప్పటి అంచు సర్దింది. సర్దిందే మళ్లీ సర్దింది.

"ఆ డాక్టరమ్మ... ముసలివాళ్లని కూడా చూస్తుందటే?" అంది గొంతు తగ్గించి.

"ఎవరికత్తయ్యా?"

ఆవిడ చెయ్యి తన నడుం మీదికి పోయింది. ఆమె మెల్లగా, నడుం మెలితిప్పకుండా, గోడవైపు జరిగింది. "రండి, ఇలా పడుకోండి."

"పట్టపగలా?"

"పట్టపగలే."

ఇన్నేళ్లలో పగటిపూట అత్తగారు నడుం వాల్చడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆవిడ ముందు అంచున కూర్చుని, తర్వాత మోచెయ్యి ఆనించి, చివరికి పూర్తిగా వాలి, పెద్దగా ఊపిరి వదిలింది. వంటింట్లో ఏదో మూత దబ్బున కింద పడింది. "అమ్మా, ఉప్పెక్కడుంది?" అని కేక వినబడింది. ఇద్దరిలో ఎవరూ పలకలేదు.

"ఇప్పుడు చెప్పండి. ఎక్కడ నొప్పి?"

అత్తగారు పైకప్పు కేసి చూసింది.

"ఎక్కణ్నుంచి మొదలుపెట్టనే?" అంది.