తుడవొద్దన్న గోడ

ఇళ్ళలో బూజు పరీక్ష చేసే ఆఫీసు నుంచి పరీక్షల పిల్ల వస్తోందని టైలరమ్మ పొద్దున్నే బ్లీచింగు కలిపిన బకెట్టు ముందేసుకుంది. వంటగట్టు కడిగింది. బాత్రూం తలుపు తోమింది. కిటికీ కింద నల్లగా పాకిన చెమ్మ మరకని రుద్ది రుద్ది తెల్లగా చేసింది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆమె చేతులు ఇంతే, ఎవరేం చెబితే అది చేస్తాయి. లోపల మనిషి ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

వానాకాలంలో పట్టుకున్న దగ్గు మొగుణ్ణి మింగేసింది. ఇప్పుడదే దగ్గు కూతురికి వచ్చింది. గోడల్లో చెమ్మ బూజు ఉందని పరీక్షలో తేలితే ఓనరు ఆ గోడలు పగలగొట్టి కట్టాలి, అందాకా వీళ్ళకి వేరే ఇల్లు చూపించాలి. తేలకపోతే ఇదే ఇల్లు, ఇదే దగ్గు.

పరీక్షల పిల్ల గుమ్మంలోనే ఆగి బ్లీచింగు వాసన పట్టింది.

“ఎవరు కడిగారు?”

“ఇంకెవరు, నా కోడలే!” అంది అత్తగారు గొప్పగా.

“ఏమీ తుడవొద్దని ఫోన్లో చెప్పాను కదండీ.”

“చెప్పావులేమ్మా. వచ్చేవాళ్ళు అలాగే అంటారు. కాఫీ వద్దంటారు, కుర్చీ వద్దంటారు. వద్దన్నారని ఊరుకుంటామా? ఇంటికి మనిషొస్తుంటే ఇల్లు అలా వదిలేస్తామా?”

పరీక్షల పిల్ల తల పట్టుకుంది. బ్లీచింగు పడ్డ చోట దూదిపుల్ల ఎంత రుద్ది తీసుకెళ్ళినా ల్యాబు గిన్నెలో బూజు మొలవదు. పోనీ ఇంకోసారి వద్దామంటే ఇంటికి ఏడాదికి ఒక్క పరీక్షే. ఆ రూలు రాసినవాడి ఇంట్లో చెమ్మ ఉండదు మరి. మురికి దాచుకోమని పుట్టినప్పటినుంచీ నేర్పిన లోకమే ఇవాళ చూపించమంటే, ఎలా చూపిస్తారు?

“చూశారా, అద్దంలా ఉంది ఇల్లు,” అన్నాడు ఓనరు, తలుపుకి ఆనుకుని. పిలవకుండానే వచ్చాడు.

పరీక్షల పిల్ల అతని వైపు చూడనేలేదు. “అక్కా, నీ చెయ్యి పడని చోటేదైనా ఉందా?”

టైలరమ్మ చాలాసేపు ఆలోచించింది. “బీరువా వెనక,” అంది. “అది ఇద్దరు పడితేగానీ జరగదు. ఆయన పోయాక జరపలేదు.”

“బీరువా జోలికి వెళ్ళొద్దు! గచ్చు గీసుకుపోతుంది!” అన్నాడు ఓనరు.

“గచ్చుకి దగ్గు రాదులే నాయనా,” అంటూ అత్తగారే చీర కొంగు నడుముకి దోపింది.

ముగ్గురూ కలిసి లాగారు. బీరువా మూలుగుతూ కదిలింది. వెనక గోడంతా నల్లగా, నూగు పట్టి, తడిసిన పిల్లి వీపులా ఉంది. వాసనకి అత్తగారు వెనక్కి తగ్గింది.

పరీక్షల పిల్ల నమూనా తీసి గొట్టంలో పెట్టి మూత బిగించింది. బీరువాని ఆనుకుని ఉన్న మంచం చూసి అడిగింది: “ఈ పక్కన పడుకునేదెవరు?”

“ఆయన. గాలి కావాలని కిటికీ పక్క నేను తీసుకున్నాను.”

“ఇప్పుడో?”

“పాప.”

టైలరమ్మకి ఏడుపు రాలేదు. రావాలేమో అనుకుంది.

ఓనరు గొంతు సవరించుకున్నాడు. “ఈ మాత్రానికి ఆఫీసులూ, పరీక్షలూ ఎందుకమ్మా? సాయంత్రం మనిషిని పంపిస్తా, సున్నం కొట్టేస్తాడు. మల్లెపూవులా అయిపోతుంది.”

“ఫలితం వచ్చాక మావాళ్ళు గోడ చూడ్డానికి వస్తారు. అందాకా ఎవరూ ముట్టుకోవద్దు,” అంది పరీక్షల పిల్ల. టైలరమ్మ వైపు తిరిగి, “ఇది మర్యాదకి అన్న మాట కాదక్కా.”

“సున్నం మనిషి గడప దాటితే, ఆ సున్నం మీ నెత్తినే పోస్తాను,” అంది టైలరమ్మ ఓనరుతో. కోపంగా కాదు. జాకెట్టు ఎప్పటికి కుట్టి ఇస్తావని అడిగినవాళ్ళకి చెప్పినట్టు చెప్పింది. ఓనరు మెట్లు దిగాడు.

ఆమె పాప దుప్పటి, దిండు తీసి వంటింట్లో, తలుపు దగ్గర గాలి తగిలే చోట పరిచింది. బడి నుంచి వచ్చిన పాప అది చూసి నిలబడిపోయింది.

“నేనిక్కడ పడుకుంటే నువ్వెక్కడే అమ్మా?”

“నీ పక్కనే. తలుపు వైపు నువ్వు.”