కొయ్య దిమ్మల యుద్ధం

మా దొరకి యుద్ధమంటే పిచ్చి. బంగళా వరండాలో పొడవాటి బల్ల వేయించి, ఓడలో తెప్పించుకున్న సీసపు సిపాయిల్ని దానిమీద నిలబెట్టి, పక్క తోట దొరతో ప్రతి ఆదివారం ఆడేవాడు. సిపాయిలు చాలకపోతే మిగతా పటాలానికి నేను చెక్కిన కొయ్య దిమ్మలే దిక్కు. నేను రబ్బరు తోట వడ్రంగిని, పేరు పైడిరాజు. మా వాళ్ళు ఓడెక్కి వచ్చిన ఈ పరాయి దేశంలో, సుంగై పెటాని ఊరి చుట్టుపక్కల అంత నున్నగా దిమ్మ తీసేవాడు లేడని నాకో పొగరు కూడా ఉండేది.

రబ్బరు ధర పడిపోయిన ఏడు, పన్నెండుమందిని ఓడెక్కించి తిరిగి విశాఖపట్నం పంపెయ్యమని తోటకి తాఖీదు వచ్చింది. ఎవర్ని పంపాలో ఆలోచించడానికి దొరకి బద్ధకం. చెట్ల పాలు తీసే అరవైమందికీ అరవై దిమ్మలు చెయ్యమన్నాడు. బొమ్మ ఫిరంగి గుండుకి ఎవరి దిమ్మ పడితే వాళ్ళు పోవాలి. మా వాళ్ళకి చదువు రాదు. ఎవరి బకెట్టు వారికి తెలియడానికి దానిమీద తలా ఒక గుర్తు గీసుకుంటారు, ఒకరు చేప, ఒకరు మూడు గీతలు. ఆ గుర్తులే దిమ్మలమీద చెక్కాను. బుద్ధున్నవాడు చేసే పనేనా? అయినా చేశాను.

నా కూతురు నూకమ్మకి అప్పుడు ఎనిమిదో నెల. మొగుడు జ్వరంతో పోయాడు. డెక్కు మీద ఆ ఎండలో, ఆ కుదుపులో పురుడొస్తే తల్లీబిడ్డా దక్కరు. అదీ పాలు తీసేదే, దాని గుర్తు చిలక.

ఆదివారం దొరలిద్దరూ తాగుతూ, నవ్వుకుంటూ ఫిరంగి పేల్చారు. పడిన దిమ్మ తీసి ఎవరిదో చెప్పడం నా పని, రాసుకోవడం గుమాస్తా సుందరరాజు పని. పదకొండోది పడింది. చిలక.

"ఎవురు?" అన్నాడు గుమాస్తా.

"దేవుడమ్మ," అన్నాను.

దేవుడమ్మ పాలు తీస్తూనే, మా కూలీ ఇళ్ళ లైన్లో మంత్రసాని పని కూడా చేసేది. నా కూతురికి పురుడు పొయ్యాల్సిన మనిషి. ఆ పేరే నోటికెందుకొచ్చిందో, ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

పన్నెండోది నిజంగా దేవుడమ్మ దిమ్మే పడింది. ఆమె పేరు అప్పటికే రాయించేశాను, ఇంకెవరి కొంప తీయను? "పైడిరాజు," అన్నాను.

సుందరరాజు కలం ఆపాడు. "నువ్వు పాలు తియ్యవు గదా, నీకు బకెట్టేది? గుర్తేది?"

అంత మొద్దుపని చేశాను. దొర పడీపడీ నవ్వి, షెడ్డులోంచి ఎవరి బకెట్టు వాళ్ళచేత తెప్పించి దిమ్మల పక్కన పెట్టించాడు. చిలక ఎవరిదో తేలిపోయింది. నన్నూ కూతురితో పంపమని ఆయన కాళ్ళమీద పడ్డాను. నువ్వు పోతే వచ్చేవారం దిమ్మలెవడు చేస్తాడని అరవంలో అడిగాడు.

పినాంగు ఓడరేవుకి లారీ బయల్దేరే రోజు నూకమ్మ నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు. దాన్ని లారీ ఎక్కించాక దేవుడమ్మ నా దగ్గరికొచ్చింది. గుమాస్తా ఆమెకి అంతా చెప్పేశాడు.

"ఏటన్నా, నీ కూతురి దిమ్మకి నా పేరెట్టినావంట?"

"నీదీ పడింది గదమ్మా," అన్నాను. ఆ మాట అన్నందుకు నా నాలుక కోసెయ్యాలి.

ఆమె అరవలేదు. "ఓడలో పురుడు నానే పొయ్యాల. పోస్తాను. బతికితే నీకు కబురెట్టను. సస్తేనే కబురెడతాను," అని లారీ ఎక్కింది.

ఆరేళ్ళయింది. కబురు రాలేదు. నా కూతురు బతికే ఉందని నమ్ముకుని అన్నం తింటున్నాను. కబురు పెట్టడానికి దేవుడమ్మయినా ఒడ్డు చేరిందో లేదో.