పైపు ఆగే దాకా

సదానందం కారు తలుపు లోపలి అట్టను ఊడబీకి నేల మీద పడేశాడు. మామూలుగా ఆయన దాన్ని పసిబిడ్డను దించినట్టు దించుతాడు. ఈ రోజు చేతులు ఆయన మాట వినడం లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, కూతురి మీద కోపమంతా కారు మీద పోతోంది.

సూరత్‌లో వాన పట్టుకుంటే మనుషులకు జలుబు, కార్లకు చెమ్మ. అప్పుడు ఊరి శివారున ఉన్న ఉన్ పేటలోని ఈ గ్యారేజీలో అందరూ సదానందాన్నే అడుగుతారు. ఇరవై ఏళ్లు పవర్‌లూమ్ మీద పోగులు ముడేసిన వేళ్లు ఆయనవి. మగ్గాల మోతకు ఎడమ చెవి పోయింది. కార్ఖానా మూతపడ్డాక ఈ పనిలోకి వచ్చాడు. "తలుపుల నీళ్లు పోకుండ ఆపుడు దేవునితోని గూడ గాదు. పోయిన నీళ్లు కిందికెళ్లి బయటికి రావాలె, గంతే" అని గిరాకీలకు చెప్తుంటాడు.

కూతురు రుచిత నర్సు కోర్సు చేసింది. బెంగళూరు ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. ఈ మధ్యాహ్నమే రైలు. వారం నుంచి తండ్రి ఆమెతో మాట్లాడలేదు. "పోయిరా అను బాపూ, చాలు" అని పిల్ల ఎంతో బతిమాలింది. ఆ మాటే ఆయన నోట రాదు. ఎట్లా వస్తుంది? ఆయన సూరత్ బండెక్కిన రోజు తల్లి కూడా పోయిరా కొడుకా అనే పంపింది. ఏడాదిలో వస్తానన్నాడు. వెళ్లింది ఆమె పాడె మోయడానికే.

స్టేషనుకు రానని భార్య ప్రమీలకు ఖరాఖండిగా చెప్పి వచ్చాడు. వచ్చాడే గానీ, పొద్దుటి నుంచీ కాలుగాలిన పిల్లిలా గేటుకూ గోడకూ తిరుగుతున్నాడు.

పైగా ఈ కారొకటి. పోయిన వారం తనే బాగుచేశాడు. కాళ్ల దగ్గర మళ్లీ నీళ్లని తిరిగొచ్చింది. చుట్టూ రబ్బరు బాగానే ఉంది. లోపలి ప్లాస్టిక్ షీటూ బాగానే ఉంది. తలుపు అడుగున వేలితో తడిమి, ఛీ అని నుదురు కొట్టుకున్నాడు. నీళ్లు బయటికి పోయే రంధ్రాల మీద గమ్ము గడ్డకట్టి ఉంది. రుచిత వెళ్తానని చెప్పిన రోజు తనే పూసిన గమ్ము! తీగతో పొడిస్తే మురికినీళ్లు బుడబుడా దూకాయి. సిగ్గుతో గబగబా అట్ట బిగించాడు.

గేటు ముందు ఆటో ఆగింది. సామాన్ల మధ్య ప్రమీల కూర్చుని ఉంది. రుచిత దిగి వచ్చింది.

"బాపూ, స్టేషన్‌కు పోతున్నం."

సదానందం తలెత్తలేదు. పొమ్మనలేడు, ఉండమనలేడు. నోటికి పని మాటే వచ్చింది.

"లోపల కూసో. నీళ్లు కొడ్త. కారితే చెప్పు."

పిల్ల కార్లో కూర్చుని తలుపేసుకుంది. ఆయన పైపు పట్టాడు. అద్దం నిండా నీళ్లే, ముఖం కనబడలేదు.

"కారుతున్నయా?"

"లేదు బాపూ!"

అద్దం అంచున కొట్టాడు, కింద కొట్టాడు, మళ్లీ పైకి వచ్చాడు. పరీక్ష ఎప్పుడో అయిపోయింది. కానీ పైపు ఆపితే పిల్ల దిగుతుంది. దిగితే వెళ్లిపోతుంది. ఆయన ఆపలేదు.

"చలో బెన్, జల్దీ!" త్వరగా రమ్మని ఆటోవాడు హారన్ మోగించాడు.

ప్రమీలే వచ్చి కొళాయి కట్టేసింది. రుచిత నవ్వుతూ దిగింది.

"ఒక్క చుక్క రాలే బాపూ."

"పోయిరా బిడ్డా" అన్నాడు సదానందం. పిల్ల ఆయన తడిచేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుని, పరుగున ఆటో ఎక్కింది.

ఆటో మలుపు తిరిగిపోయింది. ఏం చేయాలో తోచక ఆయన కారు తలుపు తీసి తడిమి చూశాడు. కింద పరచిన కార్పెట్ పొడిగా ఉంది, సీటూ పొడిగానే ఉంది. సీటు పక్క సందులో ఉండచుట్టి కుక్కిన రుచిత చేతిరుమాలు మాత్రం, పిండితే కారేంత తడిగా ఉంది.