నాకు వచ్చిన ఒకే ఒక్క స్వరం

నేను ఒక శ్రుతిదండాన్ని. బడిలో సైన్సు మాస్టారు రబ్బరు ముక్కకు తట్టి, మీ చెవి పక్కన పెట్టి, "వినపడిందా?" అని అడిగి ఉంటారే, ఆ రెండు కాళ్ల ఉక్కు ముక్కను. కాకపోతే నేను బడిలో కాదు, చర్చిలో పనిచేస్తాను. నాకు వచ్చింది ఒకే ఒక్క స్వరం. దొరల సరిగమల్లో దాని పేరు 'లా'. నన్ను తట్టినవాడు గురువైనా గుమాస్తా అయినా నేను పలికేది అదే. ఏళ్ల తరబడి మనుషుల మధ్య బతికి, వాళ్లు శ్రుతి తప్పారని వాళ్లకే చెప్పడం ఉద్యోగంగా పెట్టుకున్నాను. ఇలాంటి ఉద్యోగం చేసేవాళ్లను ఎవరూ ముద్దు చేయరని మీకు వేరే చెప్పాలా?

పుట్టింది ఇంగ్లండులో, ఉక్కుకు పేరుపడ్డ షెఫీల్డులో. నన్ను చేసిన పనివాడు ఆకురాయి పట్టుకుని నా కాళ్ల కొసలు గీకితే స్వరం పైకి పోయేది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగేది. పొద్దస్తమానం అటు గీకి, ఇటు గీకి, చివరికి సరిపోయిందని తల ఊపి, ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు. ఆ ఈల శ్రుతిలో లేదు. మనుషుల గురించి నేను తెలుసుకున్న మొదటి సంగతి అదే.

తర్వాత ఇటలీ దేశపు ఫాదర్ అంజెలో జేబులో పడి, ఓడెక్కి, గుంటూరు దగ్గర మరియాపురం విచారణకు, అంటే ఆ ఊరి చర్చికి, వచ్చాను. ఫాదర్ బంగళాలో వంటమనిషి రాయప్ప నన్ను చూసి, దొరలు తినడానికి వాడే ముళ్ల చెంచా అనుకున్నాడు. రెండు ముళ్లే ఉన్నాయేమిటని కాస్త ఆశ్చర్యపోయి, ఆదివారం కోడికూర పక్కన బల్ల మీద పెట్టాడు. ఫాదర్ నన్ను ప్లేటుకు తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఈ దొరలు తినేముందు కూరను కూడా పరీక్ష చేస్తారని రాయప్ప ఊరంతా చెప్పుకొచ్చాడు.

ఫాదర్ నన్ను తెచ్చింది ఒక పాట కోసం. 'నిసి దోమినుస్' అని మొదలయ్యే లాటిను కీర్తన అది. దేవుడు పూనుకోకపోతే ఎంత గట్టిగా కట్టినా ఇల్లు నిలవదు, తెల్లవారకముందే లేచి ఒళ్లు హూనం చేసుకున్నా లాభం లేదు, తనకు ఇష్టమైనవాళ్లకు దేవుడు హాయిగా నిద్రనిస్తాడు అని దాని భావం. బాణీ మాత్రం మూడు వందల ఏళ్ల నాటిది. ఆ కాలపు ఇటలీవాళ్లకు ఒక మాటను ఒకసారి పాడి ఊరుకోవడం చేతకాదు. వృథా అనడానికి లాటినులో 'వానుమ్' అంటారు. ఆ ఒక్క మాటను ఆడవాళ్లు ఎత్తుకుంటే మగవాళ్లు అందుకుంటారు, మగవాళ్లు వదలబోతే ఆడవాళ్లు లాక్కుంటారు, పెళ్లివారింట్లో పిల్లలు ఒకరినొకరు తరుముకున్నట్టు చర్చి అంతా పరుగులు పెడతారు. "ఒకసారి చెబితే దేవుడికి వినపడదా ఏంది?" అని ఊళ్లో పెద్దలు విసుక్కున్నారు. విసుక్కుంటూనే నాగలి పట్టుకుని 'వానుమ్, వానుమ్' అని కూనిరాగం తీశారు. లాటిను తెలుగు అక్షరాల్లో నల్లబల్ల మీదికెక్కింది. బల్ల మీద నుంచి ఊరి నోట్లోకి దిగింది. అప్పటినుంచి ప్రతి గుడి పండగ సాయంకాలం ఆ కీర్తన పాడకపోతే పండగ కాదు.

వయసు మీదపడి ఫాదర్ స్వదేశానికి వెళ్లిపోతూ, గాయక బృందంలో చెవి చురుకైన పిల్ల బెర్నదెత్తును పిలిచి నన్ను చేతిలో పెట్టాడు. "ఇది అబద్ధం చెప్పదమ్మా. కానీ దీన్ని మరీ ఎక్కువ నమ్మొద్దు" అన్నాడు తన ఇటలీ యాస తెలుగులో. ఆ పాట కట్టిన రోజుల్లో ఒక్కో ఊరికి ఒక్కో 'లా' ఉండేదట. చాలా చోట్ల నాకంటే అరమెట్టు కిందనే పలికేదట. నేను పుట్టాక విన్న అతి పెద్ద అవమానం అదే.

ఆ పిల్లే ఇవాళ బెర్నదెత్తమ్మ టీచరు. ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది గానీ బృందాన్ని మాత్రం వదల్లేదు. నన్ను మోకాలికి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుంటుంది. పాట అయిపోయాక మళ్లీ తడుతుంది. ఆమె ముఖం చిన్నబోతుంది. ఎందుకంటే ప్రతిసారీ నేనొకచోట ఉంటాను, వాళ్లు ఇంకోచోట ఉంటారు.

జారేది ఎక్కడో అందరికీ తెలుసు. నిద్ర చరణంలో. కీర్తనలో నిద్ర మాట వచ్చేచోట వాయిద్యం ఆగిపోతుంది. వట్టి గొంతులే మిగులుతాయి. ఆడవాళ్ల గొంతులు పైన జోలపాటలా మెల్లగా కదులుతుంటే, కింద మగగొంతు ఒకే ఒక్క స్వరాన్ని పట్టుకుని నిలబడాలి. ఆ స్వరం 'లా'. అంటే నేనే. దాన్ని నిలబెట్టాల్సింది బాలశౌరి. మిర్చి యార్డులో కాటా వేసే మనిషి, బస్తా దించినంత బరువైన గొంతు, నున్నటి బట్టతల. బెర్నదెత్తమ్మకు అక్క మొగుడు. తెల్లవారకముందే యార్డుకు పోయి వచ్చినవాడికి జోలపాట పాడే పని ఇస్తే ఏమవుతుంది? కళ్లు వాలతాయి, గడ్డం వాలుతుంది, దాంతోపాటే శ్రుతీ వాలుతుంది. అడుగున ఉన్న గొంతు వాలితే పైనున్నవాళ్లూ వాలతారు. ఆపైన ముగింపు స్తుతి కోసం వాయిద్యం తన శ్రుతిలో తాను గట్టిగా మోగేసరికి, రెండూ ఢీకొంటాయి.

"బావా, మళ్లీ దిగిపోయావు" అంటుంది బెర్నదెత్తమ్మ.

"ఎవురు చెప్పారు?"

"ఇదిగో, ఇది."

"ఆ ఇనప ముక్క నాకు చెప్పిద్దా శ్రుతి? అయినా మీ అంజెలో ఫాదరే అన్నాడంట గందా, ఆ రోజుల్లో శ్రుతి ఇంకా కిందే ఉండేదని. మీరంతా పైకి పోతన్నారు. అసలు శ్రుతిలో ఉంది నేనొక్కడినే."

అందరూ నవ్వేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండేది. అందులో కాస్త నిజం ఉండటమే నా మంటకు కారణం.

పోయినేడు పండగలో ఆ ఢీకొనడం మరీ ఘోరంగా జరిగింది. ముందు వరసలో కూర్చున్న బిషప్పుగారు పంటినొప్పి వచ్చినవాడిలా దవడ పట్టుకున్నారు. కొత్త విచారణ గురువు ఫాదర్ ఇన్నారెడ్డి మంచి మనిషే. అందుకే మెత్తగా చెప్పాడు. "టీచరుగారూ, ఈ పాటంటే నాకు కోపం లేదండీ. వచ్చే పండగలో కూడా ఇట్లాగే అయితే మాత్రం, ఆ తర్వాత నుంచి పెన్‌డ్రైవ్ పెట్టుకుందాం. ఫారిన్ వాళ్లు పాడింది దొరికింది. చక్కగా ఉంది."

ఆవేళ బెర్నదెత్తమ్మ నన్ను సంచిలో వేసుకోలేదు. పిడికిట్లో పట్టుకునే ఇంటికి నడిచింది. చెయ్యి వణుకుతోంది. వణుకు సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఇన్నేళ్ల పాట ఈ ఊరి గొంతులోంచి పోయి స్పీకరు డబ్బాలోకి చేరుతుందని ఆమె భయం. నాకూ భయమే వేసింది. పెన్‌డ్రైవుకు శ్రుతిదండం అక్కర్లేదు కదా.

కీబోర్డు వాయించే లూర్దయ్యకు ఊళ్లో ఎలక్ట్రికల్ షాపు ఉంది. ప్రతి చిక్కుకూ ఒక బటన్ ఉంటుందని అతని నమ్మకం. "అమ్మా, మీరేం బాధపడొద్దు. మీరు నిద్ర చరణం పాడేటప్పుడు నేనో బటన్ నొక్కుతా. పెట్టె మొత్తం అరమెట్టు దిగిద్ది. మీరూ దిగే వస్తారు గందా, కలిసిపోద్ది. ఎవురికీ తెలవదు" అన్నాడు.

"వద్దు లూర్దయ్యా. నిలబడి పాడదాం" అంది ఆమె. అతను తల ఊపాడు. కొందరు ఒప్పుకున్నా తల ఊపుతారు, ఒప్పుకోకపోయినా ఊపుతారు.

ఈ ఏటి పండగ సాయంకాలం చర్చి కిటకిటలాడింది. దీపాలు, మల్లెపూలు, కొత్త చీరల గరగర. బిషప్పుగారు వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. కీర్తన మొదలైంది. 'వానుమ్' పరుగులు బ్రహ్మాండంగా సాగాయి. ఆడవాళ్లు తరిమితే మగవాళ్లు దొరకలేదు. కీబోర్డు ఆగింది. నిద్ర చరణం వచ్చింది.

బాలశౌరి 'లా' అందుకున్నాడు. బాగా అందుకున్నాడు. కాసేపటికి కనురెప్పలు వాలాయి. గొంతు అంచు వదులైంది. జారడం మొదలయ్యే ముందు వచ్చే ఆ చిన్న వదులు నాకూ బెర్నదెత్తమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. ఒక చేత్తో తాళం వేస్తూనే ఆమె నన్ను తన మోకాలికి గట్టిగా తట్టింది. ఈసారి చెవి దగ్గరికి తీసుకుపోలేదు. రెండడుగులు ముందుకు వేసి, నా కాడను తిన్నగా బాలశౌరి బట్టతల మీద ఆనించింది.

అయ్యా, అంతవరకు నేను చెవులకే చెప్పాను. ఎముకకు చెప్పడం అదే మొదలు. నా వణుకు ఆయన పుర్రెలోకి దిగి, దవడలోంచి, గుండెలోంచి నడిచిపోయింది. బాలశౌరి కళ్లు ఇంతలేసి అయ్యాయి. మరదలు నడినెత్తిన ఉక్కు పెట్టిందని కోపం తెచ్చుకోవడానికి వీల్లేదు, నోటినిండా స్వరం ఉంది. ఆ స్వరం లేచి నిలబడింది. నేనూ ఆయనా ఒకటే పలుకుతున్నాం. ఏది ఉక్కో ఏది ఎముకో నాకే తెలియలేదు. అడుగు గట్టిపడగానే పైన ఆడవాళ్ల గొంతులు తేలిగ్గా, తడబాటు లేకుండా కదిలాయి. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇన్నేళ్లూ తప్పయ్యాక తప్పని చెప్పినవాణ్ని, తప్పకముందే ఒకరికి ఆసరా అయ్యాను.

సరిగ్గా అప్పుడు బెర్నదెత్తమ్మకు కీబోర్డు మీద ఎర్రగా వెలుగుతున్న అంకె కనపడింది. లూర్దయ్య బటన్ నొక్కేశాడు. పాపం, సాయం చేద్దామనే. వీళ్లు ఎప్పటిలా దిగుతారని నమ్మి పెట్టెను అరమెట్టు దించి, వేళ్లు పైకెత్తి, తలవంచుకుని సిద్ధంగా ఉన్నాడు. ముగింపు స్తుతికి ఇక ఒక్క వరసే ఉంది. పిలవడానికి లేదు. ఆమె గబగబా వెళ్లి నన్ను కీబోర్డు అంచుకు తట్టి అతని చెవికి ఆనించింది.

లూర్దయ్య నన్ను విన్నాడు. బృందాన్ని విన్నాడు. మళ్లీ నన్ను విన్నాడు. నోరు తెరిచి బెర్నదెత్తమ్మ వైపు చూశాడు. ఆమె అవునన్నట్టు తల ఊపింది. వేలు వెళ్లి బటన్ మీద పడింది, ఎర్ర అంకె ఆరిపోయింది, పది వేళ్లూ మీటల మీదికి దిగాయి.

కలిసింది. కీబోర్డూ గొంతులూ చర్చి కప్పూ ఒకే శ్రుతిలో మోగాయి. లూర్దయ్య కళ్లవెంట నీళ్లు కారుతున్నా వాయిస్తూనే ఉన్నాడు. బాలశౌరి పాడుతున్నట్టు లేదు, ఎవరితోనో పందెం గెలిచి చాటుతున్నట్టు ఉంది. బిషప్పుగారి చెయ్యి దవడ మీదికి పోలేదు, కుర్చీ మీద తాళం వేసింది. చివరి 'ఆమెన్' ఇంకా కప్పు కింద తిరుగుతుండగానే బెర్నదెత్తమ్మ అలవాటుకొద్దీ నన్ను తట్టి చెవి దగ్గర పెట్టుకుంది. నేను మోగలేదేమో అనుకుని మళ్లీ తట్టింది. నేను మోగుతూనే ఉన్నాను. చర్చిలో మిగిలిన స్వరమూ నాదే కావడంతో నేను విడిగా వినపడలేదు. ఆమె నవ్వింది, ఏడ్చింది, నన్ను కొంగులో చుట్టుకుంది.

ఫాదర్ ఇన్నారెడ్డి వచ్చి ఆమె చేతిలో ఆ పెన్‌డ్రైవు పెట్టాడు. "ఇది మీ దగ్గరే ఉండనివ్వండి టీచరుగారూ. నా దగ్గరుంటే మళ్లీ బుద్ధి పుడుతుంది."

ఇప్పుడది నా సొరుగులోనే ఉంటుంది. ఎన్ని గొంతులున్నాయో దాంట్లో, పాపం, పలకరించేవాళ్లు లేరు. నాకు మాత్రం వారం వారం పని తగులుతోంది. బాలశౌరి ఇనప ముక్క అనడం మానేశాడు. నిన్న సాధనలో నిద్ర చరణం రాగానే, నన్ను ఇంకా మోకాలికి తట్టకముందే, తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, మరదలి ముందు బుద్ధిగా తల వంచాడు.